తరుగు

చింతపండు బస్తా విప్పిన నాడు ఎంత తూగుతుందో, అమ్ముడుపోయే నాటికి అంత తూగదు. తేమ ఆరిపోతుంది, అడుగున పీచూ మట్టీ మిగులుతాయి. వానాకాలం బెల్లం నీరుకారుతుంది. దీనినే కొట్టు భాషలో తరుగు అంటారు. చిల్లర వర్తకుడి నిజాయితీ గురించి మాట్లాడేవారు ముందుగా ఈ లెక్క తెలుసుకోవాలని నాకనిపిస్తుంది. తూకంలో చేతివాటానికి మొదటి సాకు అదే కదా: "పోయినదాన్ని ఎక్కడో ఒకచోట రాబట్టుకోవద్దూ?"

మా నాన్నగారు ముప్ఫయ్యేళ్ళు కిరాణా కొట్టు నడిపారు. తరుగును ఆయన ధరలో కలిపేవారు, తూకంలో కాదు. అందువల్ల మా కొట్లో చింతపండు ఎప్పుడూ ఒకటి రెండు రూపాయలు ప్రియమే. పొట్లం కాగితాన్ని సరుకుతో పాటు తూచేవారు కాదు. ఇనుప తూకం రాయి అడుగున చిన్న గుంటలో సీసం ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? తూనికలు, కొలతల శాఖవారు ముద్ర వేసేది దాని మీదే. వాడగా వాడగా రాయి అరుగుతుంది. అరిగిన రాయి వల్ల నష్టపోయేది కొనేవాడే. అందుకే రాళ్ళకు రెండేళ్ళకోసారి, ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించాలి. (1962 నాటికే చట్టం వీశెలనూ మణుగులనూ సాగనంపినా, మా కొట్టుకు వచ్చే ముసలమ్మలు చాలాకాలం వీశెల్లోనే అడిగేవారు. అది వేరే ముచ్చట.)

2010 ప్రాంతంలో మా వీధిలోనే మరో కొట్టు వెలిసింది. మేము చక్కెర కిలో 30 రూపాయలకు అమ్ముతుంటే అక్కడ 29. జనం అటు మళ్ళారు. ఒకరోజు అమ్మ అక్కడినుంచి కిలో పొట్లం తెప్పించి తూచింది: 950 గ్రాములు! అంటే కిలో ముప్ఫయిన్నర పడుతోందన్నమాట. ఈ సంగతి నలుగురికీ చెప్పమని అమ్మ పోరింది. నాన్నగారు చెప్పలేదు. "పక్కవాడి కాటాతో మనకేం పనే?" అని ఊరుకున్నారు.

ఆ మౌనం మర్యాదో మెతకదనమో నేనిప్పటికీ తేల్చుకోలేదు. అక్కడ కొన్నవారిలో రోజుకూలీలే ఎక్కువ. మన తూకం సరిగా ఉన్నంత మాత్రాన వారు పోగొట్టుకునే 50 గ్రాముల ఊసు మనకక్కరలేదా? నా మొగ్గు అమ్మవైపే.

ఇంకో చిత్రం చెప్పాలి. రొక్కం చేతిలో ఉన్నప్పుడు అటు వెళ్ళినవారే, అప్పు కావలసినప్పుడు మా గడప తొక్కేవారు. మా ఖాతా పుస్తకంలో దొంగ పద్దు పడదని వారి నమ్మకం. చివరికి మమ్మల్ని ముంచింది తరుగూ కాదు, పక్క కొట్టూ కాదు, ఆ నమ్మకమే. 2014లో కొట్టు మూసేనాటికి సరుకు కంటే రావలసిన బాకీలే ఎక్కువ.

ఆ పుస్తకం అమ్మ దగ్గర ఉంది. నాన్నగారు పోయిన మరుసటి ఏడు ఒకాయన వచ్చి, 340 రూపాయలిచ్చి, తన పద్దు దగ్గరుండి కొట్టేయించుకు వెళ్ళాడు. మిగతావి అలాగే ఉన్నాయి.