పదో తరగతి నిద్ర

జనవరి 22, బుధవారం

ఎనిమిదింటి స్పెషల్ క్లాసు. బయట ఇంకా మంచు విడలేదు. నాడీ వ్యవస్థ పాఠం రివిజన్ చేయిస్తుంటే మూడో బెంచీలో అమ్మాయి రాస్తూ రాస్తూనే తూగిపోయింది. లేపబుద్ధి కాలేదు. క్లాసయ్యాక నోట్సు అడిగి చూశాను. పై నాలుగు వరుసలూ గుండ్రంగా, పొందిగ్గా ఉన్నాయి. ఐదో వరుసలో ‘మస్తిష్కం’ దగ్గర అక్షరాలు కిందికి జారాయి. ‘క’ వత్తు తోక సాగి సాగి మార్జిన్ దాటింది. పెన్ను ఆగిన చోట సిరా మచ్చ.

స్టాఫ్ రూంలో చెబితే తీర్పు వెంటనే వచ్చేసింది: “రాత్రంతా రీల్సే మేడం, ఇంకేముంది!”

జనవరి 23, గురువారం

ఇంటర్వెల్లో ఆ పిల్లను కూర్చోబెట్టి అడిగాను. నాన్న ఆటో నడుపుతాడు. ఇంటికంతటికీ ఆయన దగ్గరున్న ఫోనొక్కటే. ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. గ్రూపులో మేం పెట్టిన మోడల్ పేపర్లు అప్పుడు చూసి ఎక్కించుకోవాలి.

“అది పదకొండుకి అయిపోద్ది టీచర్. తర్వాత కాసేపు వీడియోలు చూస్తా. పడుకున్నా నిద్ర పట్టదు.”

“పొద్దున ఎప్పుడు లేస్తావమ్మా?”

“ఐదింటికి అమ్మ లేపుద్ది.”

అంటే అయిదు గంటల నిద్ర. ఈ వయసుకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలంటారు నిద్ర వైద్యులు. ఫోన్ ఉన్న ఇంట్లో కూడా ఆడపిల్ల వంతు చివర్లోనే వస్తుంది. 2023లో పల్లెల్లో చేసిన అసర్ సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన 14–18 ఏళ్ల మగపిల్లల్లో 43 శాతానికి పైగా మందికి సొంత ఫోన్ ఉంది. ఆడపిల్లల్లో 20 శాతం మందికైనా లేదు.

జనవరి 26, ఆదివారం

జెండా వందనం చూసుకుని ఇంటికొచ్చి చదువుతూ కూర్చున్నాను. కంటి రెటీనాలో కొన్ని కణాలకు చూపుతో పెద్దగా పని లేదు, పగలా రాత్రా అని మెదడుకి చెప్పడమే వాటి పని. నీలి వెలుగు తగిలితే ఇంకా పగలే అని కబురు పంపుతాయి. పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ని ఆపేస్తుంది. 2015లో అచ్చయిన ఒక అమెరికన్ ప్రయోగంలో పన్నెండుమంది చేత పడుకునే ముందు అయిదు రాత్రులు తెర మీద పుస్తకం చదివించారు. కాగితం పుస్తకం చదివినప్పటితో పోలిస్తే మెలటోనిన్ గంటన్నర ఆలస్యంగా ఊరింది. నిద్ర పట్టడం మాత్రం ఆలస్యమైంది పది నిమిషాలే.

నన్ను ఆపింది ఆ పది నిమిషాలు. తప్పంతా వెలుగుదే అయితే తెరకి పసుపు రంగు పెట్టుకుంటే సరిపోవాలి. సరిపోదు. సినిమాకి శుభం కార్డు పడుతుంది, వీడియోల వరసకి పడదు. ఇక చాలు అని పిల్లే అనుకోవాలి, అదీ అలసిపోయిన అర్ధరాత్రి వేళ.

ఇంకో సంగతి నిద్ర పరిశోధకురాలు మేరీ కార్స్కడన్ దశాబ్దాలుగా చెబుతున్నది. యుక్తవయసులో ఒంట్లోని గడియారమే వెనక్కి జరుగుతుంది. ఫోన్ లేకపోయినా వీళ్లకి నిద్ర ఆలస్యంగానే వస్తుంది. ఫోన్ దాన్ని ఇంకా వెనక్కి నెడుతోంది. ఆ పైన మనం, తెల్లవారుజామున చదివితే బుర్రకెక్కుతుందని ఐదింటికే లేపుతున్నాం. ఆ వేళ వాళ్లకి నడిరాత్రి!

ఫిబ్రవరి 3, సోమవారం

హెచ్‌ఎం గారితో మాట్లాడాను. కాలిఫోర్నియాలో 2022 నుంచి హైస్కూళ్లు ఎనిమిదిన్నరకి ముందు మొదలుపెట్టకూడదని చట్టమే ఉందని చెప్పాను. “ఎనిమిదింటి క్లాసు పైనుంచి వచ్చిన ఆర్డరమ్మా, నా చేతిలో లేదు” అన్నారు. మోడల్ పేపర్లు రాత్రిపూట గ్రూపులో పెట్టకుండా సాయంత్రమే జిరాక్సు ఇవ్వడానికి మాత్రం ఒప్పుకున్నారు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. తల్లి ఫోనునే తిట్టింది. పెద్ద కొడుకు గురించి అడిగాను. ఇంటర్, కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో. అక్కడ ఫోన్ ముట్టనివ్వరు. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, మళ్లీ ఐదింటికి లేపుతారు. “సంక్రాంతికొచ్చి మూడు రోజులూ పడుకునే ఉన్నాడండి. గారెలు తినడానికి కూడా లేవలేదు” అందామె. ఆ పిల్లాడి నిద్ర తిన్నది ఏ ఫోను?

పదింటికి ఫోన్ నాన్న దగ్గరే ఉంచండి, అమ్మాయిని ఆరున్నర దాకా పడుకోనివ్వండి అన్నాను. “పంపు ఐదున్నరకే వస్తుందండి, నీళ్లెవరు పడతారు?” అంది. నిజమే. ఆటో తీసేది ఏడింటికి కాబట్టి నీళ్లు తను పడతానన్నాడు తండ్రి, పరీక్షలయ్యేదాకా. పరీక్షలయ్యాక కూడా పట్టమన్నాను. జిరాక్సులకి నలభైమందికి ఎంతవుతుందో రేపు షాపులో కనుక్కోవాలి.