145 దగ్గర దించేయ్!

ఫ్రిజ్ తెరిచిన అమ్మ ఓ ప్లాస్టిక్ ప్యాకెట్ చేతిలోకి తీసుకుని ‘‘ఇదేంట్రా, చేపా?’’ అంది. మూరెడు పొడవు, లేత గులాబీ రంగు. తమ్ముడు నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. చివరికి మరదలే చెప్పింది, వచ్చీరాని తెలుగులో... ‘‘పంది, అత్తమ్మా!’’

అమ్మ ప్యాకెట్ ఎక్కడిదక్కడ పెట్టేసి చేతులు కడుక్కుంది. రెండుసార్లు.

అది 2018 వేసవి. అమెరికాలో ఒహైయో రాష్ట్రం, కొలంబస్. తమ్ముడు అక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుని అప్పటికి నాలుగేళ్లు. ఆ పెళ్లికి మేమెవరమూ వెళ్లలేదు. నాన్న పోయాక అమ్మ మెత్తబడి, నన్ను తోడు తీసుకుని మొదటిసారి కొడుకు గడప తొక్కింది. మూడోరోజే ఈ ప్యాకెట్!

మనవైపూ పందిమాంసం ఇష్టంగా వండుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. గుంటూరు పక్కన మా ఇంట్లో మాత్రం కోడి, వేట, చేప, రొయ్య దాకానే. ఆ పేరెత్తితేనే అమ్మ మొహం చిట్లిస్తుంది. ఆరోజు నుంచి వెంట తెచ్చుకున్న గిన్నెలోనే అన్నం వండుకుని ఆవకాయతో సరిపెట్టింది. మరదలేమో ప్యాకెట్‌ని ఫ్రీజర్ అడుక్కి తోసేసింది. పదిరోజులు ఎవరూ దాని మాటెత్తలేదు. అందరం నవ్వుతూనే ఉన్నాం, ఒకరి నుంచి ఒకరం తప్పించుకుంటూ.

పదకొండో రోజు అమ్మే అడిగింది. ‘‘వాడికి అదంటే ఇష్టమా?’’

‘‘ఆ అమ్మాయి వాడికి మొదటిసారి వండిపెట్టింది అదేనటమ్మా.’’

కాసేపు మాట్లాడలేదు. తర్వాత... ‘‘వాళ్లింట్లో వాళ్లు నా కోసం నోరు కట్టుకోవడమేంటే? నువ్వు వండు. నేను తినను, అంతే!’’

వండాను. అల్లంవెల్లుల్లి, కారం, గరంమసాలా పట్టించి ఒవెన్‌లో గంటసేపు ఉంచాను. పంది సరిగ్గా ఉడక్కపోతే ప్రమాదమని చిన్నప్పట్నుంచీ విన్నదేగా! ఇంకేముంది, తమ్ముడు మంచినీళ్లతో మింగాడు. మరదలు ‘‘బాగుంది’’ అంది, చాలాసేపు నములుతూనే.

దూరంగా కూర్చున్న అమ్మ తేల్చేసింది. ‘‘కత్తి దిగడం చూస్తేనే తెలుస్తోంది, పీచుపీచుగా అయిపోయింది. వేటమాంసమైతే ఉడికేకొద్దీ మెత్తబడుతుంది. దీన్లో కొవ్వేదీ? చేపలా చూసుకోవాలేమో!’’

రుచి చూడకుండానే అసలు సంగతి పట్టేసింది. దాన్ని టెండర్‌లాయిన్ అంటారు. వెన్నెముక లోపలివైపు పొడవునా ఉండే కండ. పందికి దాంతో పెద్దగా పని ఉండదు కాబట్టి పుట్టుకతోనే మెత్తన. కొవ్వూ, నరాల్లాంటి పీచూ తక్కువ. ఎక్కువసేపు ఉడికిస్తే ఉన్న నీరంతా పోయి చెక్కలా తయారవుతుంది.

మర్నాడు ఆదివారం. మరదలు పద్ధతి చూపించింది. పైన వెండిరంగులో మెరిసే పొరను సన్నకత్తితో తీసేసింది. అది ఉడకదు, బిగుసుకుంటుంది. ఉప్పు, మిరియాలపొడి రాసి అరగంట పక్కన పెట్టింది. తడి తుడిచి, బాగా కాలిన ఇనుప పెనం మీద కాస్త నూనె వేసి నాలుగువైపులా ఎర్రగా కాల్చింది. తర్వాత పెనంతో సహా 400 డిగ్రీల ఫారెన్‌హీట్ ఒవెన్‌లోకి. పావుగంట తర్వాత కండ మధ్యలోకి ఓ సూది గుచ్చింది.

‘‘జ్వరం చూస్తోందా?’’ అంది అమ్మ, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి.

ఆ థర్మామీటరే కిటుకంతా. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు 160 డిగ్రీలు రావాలనేది. 2011లో కొట్టని, ముక్కలు చేయని మాంసానికి 145 (63 సెల్సియస్) చాలంది. దించాక కనీసం మూడు నిమిషాలు కదపకుండా ఉంచాలి. మధ్యలో కాస్త గులాబీరంగు ఉన్నా భయం లేదు. ఖీమాకు మాత్రం ఇప్పటికీ 160. మన దగ్గర వీధుల్లో తిరిగే పందుల మాంసంలో బద్దెపురుగు పిల్లలు ఉండే ప్రమాదం ఉంది కాబట్టి ఈ లెక్క దానికి పనికిరాదు. తనిఖీ చేసిన మాంసం కాకపోతే ముక్కలు కోసి పూర్తిగా ఉడికించాల్సిందే.

జ్వరం అంకెలు అమ్మకు కొట్టినపిండి. ఎప్పుడు గుమ్మం దాటి వచ్చిందో, కోడలి పక్కన నిలబడి కళ్లజోడు సర్దుకుంటూ చదువుతోంది. ‘‘138... 141... 144... 145! దించేయ్ తల్లీ, దించేయ్!’’

పది నిమిషాలాగి కోస్తే పళ్లెంలోకి రసం ఊరింది. తమ్ముడు మాట్లాడకుండా తిన్నాడు. అమ్మ ముట్టలేదు, ఇప్పటికీ ముట్టదు. కానీ ఆరోజు ఆవకాయన్నం కంచం తెచ్చుకుని అదే బల్ల దగ్గర, కోడలి పక్క కుర్చీలో కూర్చుంది.

ఇప్పుడు ఆదివారాలు వీడియోకాల్‌లో అమ్మ అడిగే మొదటి ప్రశ్న మారిపోయింది. ‘‘అన్నం తిన్నారా?’’ కాదు...

‘‘ఎంత వచ్చింది తల్లీ?’’