నడుస్తూ కొట్టగలడా?

మా కాలేజీ బస్సులో చివరి రెండు వరసలు మావి. నేను పహాడీ షరీఫ్‌లో ఎక్కుతాను. జల్‌పల్లి నుంచి అక్కడిదాకా నాయిన బండి మీద దింపుతాడు. తుక్కుగూడ, అవుటర్ రింగ్ రోడ్డు, బొంగ్లూరు దాటి ఇబ్రహీంపట్నం వైపున్న మా కాలేజీకి చేరేసరికి ముప్పావు గంట పడుతుంది. జెత్రో టల్ అనే బ్యాండు 1972లో 'థిక్ యాజ్ ఎ బ్రిక్' అని ఆల్బమ్ మొత్తం ఒకే పాటగా చేసింది. రికార్డుకి రెండు వైపులా కలిపి 40 నిమిషాలకు పైనే. పహాడీ షరీఫ్‌లో మొదలుపెడితే కాలేజీ గేటు దగ్గర అయిపోతుంది. మా బ్యాచ్‌కి ప్రోగ్రెసివ్ రాక్ పిచ్చి అలా పట్టింది. బస్సుకి సరిపోయే పాటలు వాళ్ల దగ్గరే ఉన్నాయి మరి.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. మామూలు రాక్ పాట నాలుగు దెబ్బల లెక్కలో మూడు నాలుగు నిమిషాలు నడుస్తుంది. ప్రోగ్ వాళ్లు దాన్ని సాగదీసి, మధ్యలో తాళం మార్చి, 5 మీద, 7 మీద, 9 మీద వాయిస్తారు. అందుకే ఈ సంగీతం వినేవాళ్లు ఎక్కడ చేరినా ఒకటే గొడవ: అందరికన్నా టెక్నిక్ ఉన్న ప్లేయర్లు ఏ బ్యాండులో ఉన్నారు?

మేం ఇంజనీర్లం కదా, గొడవని కూడా గూగుల్ షీట్‌లోనే పెట్టుకున్నాం. అడ్డంగా కాలమ్స్: వేగం, తాళం లెక్క, లైవ్‌లో తప్పు లేకుండా వాయించడం, కంపోజిషన్. ఒక్కోదానికి 10 మార్కులు. నిలువుగా బ్యాండ్లు. సెకండ్ ఇయర్ మొదలైన దగ్గర్నుంచి ఆ షీట్ మా అటెండెన్స్ కంటే శ్రద్ధగా నడిచింది.

మెకానికల్ వాడిది డ్రీమ్ థియేటర్ పార్టీ. జాన్ పెట్రూచి, జాన్ మ్యూంగ్, మైక్ పోర్ట్‌నాయ్ 1985లో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో స్టూడెంట్లుగా ఉండగా పెట్టిన బ్యాండు అది. "మనలాగే కాలేజీ పిల్లలు మామా, కాకపోతే వాళ్లు ప్రాక్టీస్ చేశారు" అనేవాడు. 2010లో పోర్ట్‌నాయ్ వెళ్లిపోతే ఏడుగురు డ్రమ్మర్లకి ఆడిషన్ పెట్టి మైక్ మాంజినిని తీసుకున్నారు. ఆ మాంజిని బర్క్‌లీలోనే పాఠాలు చెప్పేవాడు. వేగం పోటీల్లో నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు కొట్టి రికార్డులు పెట్టినవాడు. వేగం కాలమ్‌లో వాళ్లకి 10 వేయక తప్పలేదు. 2023లో పోర్ట్‌నాయ్ మళ్లీ వెనక్కి వచ్చాడు. ఆ రోజు మెకానికల్ వాడు బస్సు మొత్తానికి సమోసాలు కొన్నాడు.

సివిల్ వాడు పింక్ ఫ్లాయిడ్ మనిషి. "వేగం ఎవడికి కావాలిరా? గిల్మర్ ఒక్క నోట్ వంచితే చాలు" అంటాడు. 'మనీ' పాట 7 దెబ్బల మీద నడుస్తూ, గిటార్ సోలో వచ్చేసరికి 4కి మారుతుంది. చేతకాక మార్చారని మెకానికల్ వాడు, ఎక్కడ తగ్గాలో తెలియడమే టెక్నిక్ అని సివిల్ వాడు. ఈ ఒక్క పాయింట్ మీద మిడ్ ఎగ్జామ్స్ ముందు రోజు కూడా కొట్టుకున్నారు. ఎలక్ట్రికల్ వాడు మాత్రం ఎవరు ఏం చెప్పినా కింగ్ క్రిమ్సన్ అనేవాడు. 1972లో బిల్ బ్రూఫర్డ్ అనే డ్రమ్మర్, అప్పుడే పేరు మోగిపోతున్న యెస్ బ్యాండుని వదిలి కింగ్ క్రిమ్సన్‌లో చేరాడు కదా, అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అని వాడి వాదన.

నాది రష్. ముగ్గురే మనుషులు. గెడ్డీ లీ పాడుతూ, బేస్ వాయిస్తూ, కాళ్లతో సింథ్ పెడల్స్ తొక్కుతాడు. అలెక్స్ లైఫ్‌సన్ గిటార్. డ్రమ్స్ మీద నీల్ పియర్ట్. పియర్ట్ 2020 జనవరిలో పోయాడు. నాకు ఆయన నచ్చడానికి కారణం వేగం కాదు. ప్రపంచంలోనే గొప్ప రాక్ డ్రమ్మర్ అని అందరూ ఒప్పుకున్నాక, 40 దాటిన వయసులో, ఫ్రెడ్డీ గ్రూబర్ అనే పెద్దాయన దగ్గరికి వెళ్లి కర్ర పట్టుకోవడం దగ్గర్నుంచి మళ్లీ నేర్చుకున్నాడు. చేతులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి, దెబ్బకీ దెబ్బకీ మధ్యలో ఏం జరుగుతుందో అదే ముఖ్యం అనే పాఠం.

ఇక వైవైజెడ్. రష్ 1981లో 'మూవింగ్ పిక్చర్స్' ఆల్బమ్‌లో వాయించిన, మాటలు లేని పాట అది. వైవైజెడ్ అంటే టొరంటో ఎయిర్‌పోర్ట్ కోడ్. ఆ మూడు అక్షరాల మోర్స్ కోడే పాట మొదట్లో వచ్చే తాళం. లెక్క మీరే చూసుకోండి: గీతకి 2, చుక్కకి 1. వై అంటే గీత, చుక్క, గీత, గీత: 7. ఇంకో వై: 7. జెడ్ అంటే గీత, గీత, చుక్క, చుక్క: 6. మొత్తం 20. నాలుగేసి చొప్పున తీసుకుంటే 5 దెబ్బలు. నోట్‌బుక్ వెనక పేజీలో ఈ లెక్క తేలిన రోజు నేను బస్సులో లేచి నిలబడ్డాను.

అప్పుడే పాలకొల్లు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే వాడు (అప్పుడప్పుడు మాతో బస్సెక్కి సిటీకి వస్తాడు) ఒక మంచి ప్రశ్న వేశాడు. "షీట్‌లో మనవాళ్లు ఒక్కళ్లు కూడా లేరేంట్రా?" వాడే జవాబు కూడా చెప్పాడు: మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి, చిన్నపిల్లాడిగానే కచేరీలు చేసి, కర్ణాటక సంగీతానికి పనికిరాదనుకున్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించిన మనిషి. మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టిన జాన్ మెక్‌లాఫ్లిన్, 'రిమెంబర్ శక్తి'లో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వాయించాడు. 2014లో, 45 ఏళ్లకే పోయారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆయనకి ఒక వరస పెట్టి, అన్నింటిలో 10 వేశాం. మనవాళ్లు ఉన్నారని అందరం ఛాతీ విరుచుకున్నాం.

అదే వారంలో ఇంకోటి జరిగింది. ఎవరో ఫోన్‌లో ఒక తెలుగు ఫ్యూజన్ వీడియో పెట్టారు. పది సెకన్లు విని ఒకడు అన్నాడు: "టెక్నిక్ ఏముంది మామా ఇందులో? చావు డప్పు కొట్టినట్టు కొడుతున్నాడు."

రెండు వరసలూ నవ్వాయి. నేనూ నవ్వాను. గట్టిగానే నవ్వాను.

మాది డప్పు కొట్టే ఇల్లు. ఇంత చెప్తే మిగతాది మీకు అర్థమైపోతుంది. అర్థమవుతుందనే ఇన్నాళ్లూ చెప్పలేదు. ఫస్ట్ ఇయర్‌లో ఎవరైనా "మీ తాత ఏం చేసేవాడు" అంటే "వ్యవసాయం" అనేవాణ్ని. మాకు గుంట భూమి లేదు.

ఆ శనివారం ఇంట్లో తాత పక్కన కూర్చున్నాను. ఆయన ఇప్పుడు కొట్టడం దాదాపు మానేశాడు, కుడి భుజం లేవదు. డప్పు గోడకి తగిలించి ఉంటుంది. నా ఇయర్‌ఫోన్ ఒకటి ఆయన చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టి వైవైజెడ్ పెట్టాను. చివరిదాకా విన్నాడు. నేనేమో ఆయన ఏదో గొప్ప మాట అంటాడని ఎదురుచూస్తున్నా.

"మంచిగనే కొడ్తున్నడు. ఎన్ని డప్పులున్నయి ఆనికి?"

ఫోటో చూపించాను. పియర్ట్ చుట్టూ 360 డిగ్రీలూ డ్రమ్సే.

"గిన్ని పెట్టుకొని ఎట్ల నడుస్తడురా?"

"నడవడు తాతా. కూసునే కొడ్తడు."

"కూసుంటెనా?" అని నవ్వాడు. పోటీలో ఎదుటివాడు ఆటే ఆడలేదని తెలిసినప్పుడు నవ్వే నవ్వు.

మోర్స్ కోడ్ సంగతి చెప్పాను. ఎయిర్‌పోర్ట్ పేరుని దెబ్బల్లో పెట్టారని. "అంటే చాటింపే గదా" అన్నాడు. ఒకప్పుడు ఊళ్లో కబురు చెప్పాలంటే డప్పు కొట్టి చెప్పేవాడు ఆయనే. మరి మన శంషాబాద్ కోడ్ ఎట్లుంటది అని అడిగాడు. మా ఇంటి మీంచి రోజూ విమానాలు దిగుతూనే ఉంటాయి కదా. ఫోన్‌లో చూసి లెక్క కట్టాను. హెచ్: నాలుగు చుక్కలు, 4. వై: 7. డి: గీత, చుక్క, చుక్క, 4. మొత్తం 15.

నోటితో చెప్పి చూపించాను. డప్పు దించమన్నాడు. పొయ్యి ముందర కాసేపు కాచి, తోలు మీద వేలు కొట్టి చూసి, మళ్లీ కాచాడు. కుడి చేతిలో సిర్ర, ఎడమ చేతిలో సన్నపు పుల్ల. రెండుసార్లు తప్పాడు. మూడోసారి పట్టుకున్నాడు. వాకిట్లోకి దిగి నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు.

"ఒక్కటి తక్కువైతున్నదిరా. కాలు కలుస్తలేదు."

చివర ఒక్క దెబ్బ జాగా ఖాళీగా వదిలి 16 చేశాడు. అప్పుడు సరిగ్గా నాలుగు అడుగులకి తిరిగి మొదటికి వచ్చింది. అది తప్పు తాతా, 15 ఉండాలి అన్నాను. తాత వినలేదు.

"ఎనక నలుగురు పాడె మోస్తుంటరు. ఆళ్ల కాళ్లు తప్పితె ఎట్ల?"

నా దగ్గర జవాబు లేదు. మా షీట్‌లో ఆ కాలమ్ లేదు. చావు దరువు, పెళ్లి దరువు, బోనాల దరువు వేటికవే వేరని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. దూరం నుంచి వింటే ఇవాళ ఏం జరుగుతోందో చెప్పగలను. కానీ ఒక్కో దరువు ఎవరి కాళ్ల కోసం కట్టారో ఎప్పుడూ ఆలోచించలేదు. 15ని 15గా కొట్టడం ఒక టెక్నిక్. రాళ్ల దారిలో, ఏడుస్తున్న మనుషుల మధ్య, గంటసేపు వేగం తగ్గకుండా నలుగురి అడుగుని కలిపి ఉంచడం ఇంకో టెక్నిక్. దేనికి ఎన్ని మార్కులో నాకు ఇప్పటికీ తెలియదు.

డప్పు నేను తీసుకుని చూశాను. సిర్ర ఎలాగో పడుతోంది. ఎడమ చేతి పుల్ల మాత్రం సరిగ్గా రెండు దెబ్బల మధ్యలో పడాలి, నాది సిర్ర మీదే పడుతోంది. ఐదు నిమిషాలకి మణికట్టు పట్టేసింది. మూడేళ్లుగా డ్రమ్మర్లకి మార్కులు వేస్తున్న చెయ్యి ఇది.

అప్పుడే నాయిన డ్యూటీ నుంచి వచ్చాడు. నా భుజానికి డప్పు చూసి ఏమీ అనలేదు. తీసి గోడకి తగిలించాడు. అన్నం తినేటప్పుడు చెప్పాడు. "మీ తాతను రాత్రి రెండు గంటలకు లేపి తోలుకపొయ్యేటోళ్లు, ఎవరో సచ్చిండ్రని. పైసలు ఇస్తె ఇచ్చినట్టు, లేకుంటె లేదు. రానంటె ఊకోరు. నేను అందుకే నేర్సుకోలే. నువ్వు ముట్టకు." తాత తల దించుకుని తింటున్నాడు. ఆయన కాదనలేదు.

ఇక్కడే నాకు చిక్కు వచ్చి పడింది. తాత చేతిలో ఉన్నది కళ అని నాకు ఆ సాయంత్రం తెలిసింది. దాన్ని ఆయన చేత ఎలా చేయించారో అదే రాత్రి తెలిసింది. రెండూ నిజాలే. నాయినది కోపమని కొట్టిపారేయలేను. మాండలిన్‌కి ఒక్క నిమిషంలో 10 పడి, డప్పుకి నవ్వు పడిందంటే కారణం తాళం లెక్కలో లేదని కూడా తెలుసు.

సోమవారం బస్సెక్కాక షీట్ తెరిచి కొత్త కాలమ్ పెట్టాను: 'నడుస్తూ కొట్టగలడా?' నిలువుగా అందరికీ సున్నా వేసుకుంటూ పోయాను. పియర్ట్‌కి సున్నా. మాంజినికి సున్నా. బ్రూఫర్డ్‌కి సున్నా. మెకానికల్ వాడు ఎగిరి పడ్డాడు. "ఇదేం కాలమ్ రా? ఎవడు నడుస్తూ కొడతాడు?"

"మా తాత" అన్నాను.

అది సరదాగా అందామనుకున్నాను, గొంతు సరిగ్గా రాలేదు. ఆ తర్వాత మిగతాదంతా చెప్పాను. డప్పు, వ్యవసాయం అని చెప్పిన అబద్ధం, పోయిన వారం నవ్విన నవ్వు. ఆ జోకు వేసినవాడు ముందు సీటు కడ్డీ పట్టుకుని కిందికి చూస్తున్నాడు. తుక్కుగూడ నుంచి బొంగ్లూరు దాకా ఎవరూ పాట పెట్టలేదు. చివరికి వాడే అడిగాడు: "ఆ పదిహేను ఎలా వస్తుందో ఒకసారి కొట్టి చూపిస్తావా?"

సీటు వెనక రేకు మీద కొట్టాను. నాలుగు, ఏడు, నాలుగు. వాడు ఇంకోవైపు పట్టుకున్నాడు. రెండుసార్లు తప్పాడు. సారీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను కదా, ఏమని అడగను?

ఇప్పుడు నేను డప్పు నేర్చుకుంటున్నాను అని ముగిస్తే బాగుండేది. నేర్చుకోవడం లేదు. నాయిన మాట అలాగే ఉంది, డప్పు గోడకే ఉంది. తాత ఫోన్‌లో మాత్రం వైవైజెడ్ ఎక్కించాను, అప్పుడప్పుడు వింటున్నాడు. షీట్‌లో ఆ కాలమ్ ఇంకా ఉంది, అందరికీ సున్నాలతో.

నా ఓటు ఇప్పటికీ రష్‌కే. అందులో మార్పు లేదు. కానీ ఈసారి మీరు ఎవరినైనా "డప్పు కొట్టినట్టు కొడుతున్నాడు" అని అనబోతే, అది తిట్టా పొగడ్తా అని నేను అడుగుతాను. చివరి రెండు వరసల్లోనే ఉంటాను.