పనిలేని ప్రయాణం

ముస్లిం కుటుంబం ఊరు కదిలిందంటే దానికో పని ఉండాలి. పెళ్ళి, చావు, ఆస్పత్రి, ఉర్సు, లేదంటే గల్ఫుకు పోయే పిల్లాడిని మద్రాసులో విమానం ఎక్కించి రావడం. ఊరికే నీళ్ళు చూడ్డానికి, పిల్లల్ని ఇసుకలో వదిలేసి కూర్చోడానికి నాలుగు రోజులు పోతున్నామంటే మా నెల్లూరు మొహల్లాలో ఎవరూ నమ్మలేదు. "పులికాట్ దీవులా? అక్కడ మనవాళ్ళెవరున్నారు?" అని పక్కింటి ఖాలా అడిగింది. ఎవరూ లేరన్నాం. "మరెందుకు?" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు.

జవాబు అమ్మీ కనిపెట్టింది. వేనాడు దీవిలో దర్గా ఉంది గదా, జియారత్‌కు పోతున్నామని చెప్పండి అంది. ఆ ఒక్క మాటతో గల్లీ అంతా ఊరుకుంది. దర్గాకైతే ఎవరైనా పోవచ్చు. సరదాకు పోవడమే అనుమానం.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. మా అబ్బా నలభై ఏళ్ళు కుట్టుమిషన్ తొక్కాడు. రంజాన్ ముందు నెల ఊపిరాడదు. పండగ దాటితే మిషన్‌కు పని ఉండదు. పని ఉన్నప్పుడు తీరిక లేదు, తీరిక ఉన్నప్పుడు డబ్బుల్లేవు. మైపాడు సముద్రం మా ఇంటికి పాతిక కిలోమీటర్ల లోపే. ఆయన అది చూసింది రెండుసార్లో మూడుసార్లో. వేసవి సెలవులు, విహారయాత్ర అనే మాటలు మేం తెలుగు వాచకంలో చదువుకున్నవే గానీ ఇంట్లో విన్నవి కావు. మా ఇంట్లో మొదటిసారి సెలవులకు పోయింది మా పిల్లలే. పాపకు ఎనిమిదేళ్ళు, చిన్నోడికి ఐదు. నిరుటి మే నెలలో ఆ ఇద్దరినీ, అమ్మీనీ తీసుకుని మద్రాసు వైపు పోయే రైలెక్కాం.

పులికాట్ గురించి రెండు మాటలు. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చాలాభాగం ఆంధ్రలో ఉంది, దక్షిణపు కొస తమిళనాట ఉంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ గోడలాగా పొడుగ్గా శ్రీహరికోట దీవి. లోపల ఇరకం, వేనాడు లాంటి చిన్న దీవులు. 2022లో తిరుపతి జిల్లాలో కలిపేదాకా ఇదంతా మా నెల్లూరు జిల్లానే. అంటే మేం పరాయిచోటికి పోలేదు, ఇన్నాళ్ళూ చూడని సొంత జిల్లాకే పోయాం.

గూడూరు దాటాక ఎదురుసీటు పెద్దమనిషి మాట కలిపాడు. రిటైరయిన వాడు, మంచివాడే. పిల్లలకు వేరుశనగ ఉండలు కొనిపెట్టాడు. కాసేపటికి పేరడిగాడు. చెప్పాం. వెంటనే, "మీరు తెలుగు ఎంత చక్కగా మాట్లాడుతున్నారండీ!" అన్నాడు.

ఈ మెచ్చుకోలు మాకు కొత్త కాదు. మీలో ముస్లింలైనవాళ్ళందరికీ తెలిసే ఉంటుంది. తెలుగులో బి.ఏ. చదివి, ఇరవై ఏళ్ళుగా పత్రికలో ఇతరుల తెలుగు దిద్దుకుంటూ బతుకుతున్న మాకు ఈ సర్టిఫికెట్ నెలకొకసారైనా అందుతూనే ఉంటుంది. రెడ్డిగారినో నాయుడుగారినో పట్టుకుని మీ తెలుగు బాగుందండీ అని ఎవరన్నా అంటారా?

ఆయన అంతటితో ఆగలేదు. శ్రీహరికోట దగ్గరపడుతోంది కాబట్టి అబ్దుల్ కలాం గారిని తలచుకున్నాడు. 1980 జులై 18న అక్కడినుంచే ఎస్.ఎల్.వి.-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని మోసుకుపోయిందనీ, ఆ ప్రాజెక్టుకు పెద్ద కలాం గారేననీ పిల్లలకు చెప్పాడు. అంతా నిజమే. మాకూ గర్వమే. కానీ చివర "అందరూ ఆయనలాగా ఉంటే ఏ గొడవా లేకపోను" అన్నాడు చూడండి, అక్కడ వేరుశనగ ఉండ గొంతుకు అడ్డం పడింది. రాకెట్ వదిలితే తప్ప లెక్కలోకి రామా? మా గల్లీలో సైకిళ్ళకు పంక్చర్లేసే కుర్రాడు ఏ రాకెట్టూ వదలడు. వాడు ఈ దేశం వాడు కావడానికి పంక్చర్లు సరిపోవా? కలాం గారి తండ్రి రామేశ్వరం దీవిలో పడవ పెట్టుకుని యాత్రికులను ధనుష్కోటికి చేరవేసిన మనిషి. కొడుకు రాష్ట్రపతి కాకపోయినా ఆ పడవకు ఆ గౌరవం ఉండేదే.

ఇవేవీ పైకి అనలేదు. పిల్లలు పక్కన ఉన్నప్పుడు మనిషికి ఓపిక ఎక్కువవుతుంది.

దిగిన ఊళ్ళో మొదటి లాడ్జి సంగతి పొడిగించకుండా చెప్తాం. గదులున్నాయన్నాడు, తాళం చెవి బల్ల మీద పెట్టాడు, ఆధార్ కార్డులు అడిగాడు. కార్డుల మీద పేర్లు చూశాడు, అమ్మీ బురఖా చూశాడు, లోపలికి పోయి వచ్చి "సారీ సార్, ఫ్యామిలీ రూములు ఇప్పుడే ఫోన్లో అయిపోయినయ్" అన్నాడు. తాళం చెవి బల్ల మీదే ఉంది. మేం మెట్లు దిగుతుంటే ఇంకో కుటుంబం సామానుతో ఎక్కుతోంది. వాళ్ళు మళ్ళీ దిగలేదు.

రెండో లాడ్జి గురించి కూడా రాయాలి. లేకపోతే అన్యాయమవుతుంది. అక్కడ ఏ ప్రశ్నా లేదు. పెద్దావిడ కింద పడుకోలేదని అడక్కుండానే ఇంకో మంచం వేయించారు. పొద్దున టీ ఎక్కడ బాగుంటుందో చెప్పారు.

ఆ రాత్రి పాప అడిగింది: "మన ఆధార్‌లో ఏమన్నా తప్పుందా?" కార్డులో తప్పేం లేదన్నాం. మిగతాది చెప్పలేదు. ఎనిమిదేళ్ళకే చెప్పాలా, పదేళ్ళు రానివ్వాలా అన్నది మా ఇద్దరికీ ఇంకా తేలలేదు. మా అబ్బా మాకు ఎప్పుడు చెప్పాడో గుర్తులేదు. చెప్పకుండానే తెలిసి ఉంటుంది.

పిల్లలు వచ్చింది పక్షుల కోసం. ఫ్లెమింగోలు చూస్తామని ఇంటి నుంచి బొమ్మలు గీసి తెచ్చుకున్నారు. మే నెలలో ఫ్లెమింగోల గుంపులు ఉండవని, అవి చలికాలంలో వస్తాయని ముందే చెప్పినా వినలేదు. ఏదో మూల నాలుగు కొంగలు కనబడితే వాటికే గులాబీరంగు వేసుకున్నారు. ఇక్కడ మా వృత్తికి సంబంధించిన ఒక మాట. ఏటా చలికాలం రాగానే దగ్గర్లోని నేలపట్టు చెరువు పక్షుల మీద మా బల్ల మీదకు ఒక వార్త వస్తుంది. శీర్షిక ఒకటే: విదేశీ అతిథులు. నేలపట్టులో గూళ్ళు కట్టే గూడబాతులు విదేశాల నుంచి వచ్చేవి కావు. దక్షిణ భారతంలోనే పుట్టి, ఇక్కడే తిరిగి, ఇక్కడే పిల్లల్ని పెట్టుకునే జాతి. మేం ఏటా ఆ 'విదేశీ' కొట్టేస్తాం. మరుసటి ఏడు అది మళ్ళీ వస్తుంది. కొన్ని మాటలకు అంత ఆయుష్షు. అయినా పక్షులదే నయం. విదేశీ అన్నాక కూడా వాటికి పండగ చేస్తారు.

మర్నాడు భీమునివారిపాలెం రేవులో ఇరకం పడవెక్కాం. ఎండాకాలం కాబట్టి నీళ్ళు పలచబడి ఉన్నాయి. మోకాలి లోతు వచ్చినచోట ఇంజను ఆపి గెడ వేసి తోశారు. చిన్నోడు పడవ అంచు పట్టుకుని కాసేపు నీళ్ళవైపు, కాసేపు పడవ నడిపే మనిషివైపు చూసి మెల్లగా అడిగాడు: "ఆ అంకుల్ మనవాళ్ళా?" ఎందుకట్లా అడిగావంటే, "లుంగీ కట్టుకున్నాడు గదా, దాదాలాగా" అన్నాడు. ఆయన విన్నాడు. పెద్దగా నవ్వాడు. "నాదీ లుంగీనే, మా నాయనదీ లుంగీనే అబ్బయా. ప్యాంటేసుకుని నీళ్ళలో దిగేదెట్టా?"

గళ్ళ లుంగీ చూడగానే ముస్లిం అనుకోవడం వాడికి ఎక్కడ పట్టుబడిందో మాకు తెలుసు. తెలుగు సినిమాల్లో మా ఆనవాలు అదే: గళ్ళ లుంగీ, వల బనీను, మెడలో తాయెత్తు, చేతిలో కత్తి. ఆ లుంగీని అబ్బా 'పాలయకాట్' అనేవాడు. కొట్లో కూడా ఆ మాటతోనే అడిగేవాడు. అది మద్రాసు వైపు ఏదో మిల్లు పేరనుకునేవాళ్ళం. కాదు. అది ఈ సరస్సు పేరే. దక్షిణపు కొసన ఉన్న పులికాట్ పట్నం పేరు బట్టకు అంటుకుని పాలయకాట్ అయింది. 1613లో డచ్చివాళ్ళు అక్కడ కోట కట్టారు. ఈ తీరం వెనకాల ఊళ్ళలో నేసిన బట్టను జావా దాకా, లవంగాలూ జాజికాయా పండే మలుకు దీవుల దాకా ఓడల్లో తీసుకుపోయి సుగంధద్రవ్యాలకు మార్చుకున్నారు. అవే ఓడల్లో మనుషుల్ని కూడా బానిసలుగా పట్టుకుపోయారు, అదీ చెప్పుకోవాలి. మరక్కాయర్లనే తమిళ ముస్లిం వర్తకులు కూడా ఆ తీరంలో ఓడలు నడిపినవాళ్ళే. నేసినవాళ్ళలో ఎక్కువమంది హిందువులు. అమ్మినవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. కట్టుకున్నవాళ్ళు సముద్రానికి అవతల కూడా ఉన్నారు. ఇన్ని చేతులు మారిన గుడ్డ చివరికి తెలుగు సినిమాలో మా ఒక్కళ్ళ నడుముకే చుట్టుకుంది.

ఇరకంలో పిల్లలకు దొరికిన ఆనందం మేం రాయలేం. ఎండ్రకాయలు బొరియల్లోకి దూరడం చూస్తూ పొద్దంతా గడిపారు. ఫోను అడగలేదు, అన్నం అడగలేదు. అమ్మీ ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఆ ఇంటి ముసలమ్మతో మాటల్లో పడింది. ఆమె మాటలో తమిళం సగం, అమ్మీ మాటలో ఉర్దూ పావు, మధ్యలో తెలుగు ఇద్దరికీ సరిపోయింది. ఒకప్పుడు రాత్రిపూట నొప్పులొస్తే పడవలో పడుకోబెట్టి నీళ్ళు దాటించేవాళ్ళమని ఆమె చెప్పింది. ఒక బిడ్డ పడవలోనే పుట్టాడట. అమ్మీ తన పురుళ్ళ కథలు చెప్పింది. మొదటిసారి విన్నాం వాటిని. ఇంట్లో వినడానికి తీరిక ఎప్పుడు దొరికింది?

మూడో రోజు వేనాడు. మొహల్లాకు చెప్పిన మాట నిలబెట్టుకోవాలి గదా! ఎండిన సరస్సు నేల మీద ఆటో పోతుంటే రెండువైపులా తెల్లటి ఉప్పు పొర. దూరంగా నీళ్ళున్నట్టు మెరుపు, దగ్గరకు పోతే ఉండవు. బయల్దేరేముందు మా చిన్న తమ్ముడు ఫోను చేసి దర్గాకు పోవడం షిర్క్ అనీ, అమ్మీని ఆపమనీ గట్టిగా చెప్పాడు. వాడు ఈమధ్య చాలా నేర్చుకున్నాడు. మేం దర్గాలకు తిరిగేవాళ్ళం కాదు. అయితే డెబ్భై ఏళ్ళ మనిషిని నీ దేవుడికి నువ్వు సరిగ్గా మొక్కడం లేదని దబాయించే పెద్దరికం మాకు లేదు, వాడికీ లేదు.

ఆరోజు దర్గాలో మాకంటే హిందూ కుటుంబాలే ఎక్కువ. పసిబిడ్డల్ని ఎత్తుకుని వచ్చారు. చక్కెర చదివించుకుని, అందరికీ పంచారు. నుదుట పెద్ద బొట్టు పెట్టుకున్న ఒకామె అమ్మీ దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, ఆ చెట్టు కింద నీడుంది, మనం ఆడ కూచుందాం రా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

మనం అంది. తెలుగులో ఇదొక గొప్ప ఇబ్బంది. మేం అంటే ఎదుటివాడు బయట, మనం అంటే లోపల. ప్రతిసారీ తేల్చుకుని మాట్లాడాలి. పుస్తకాల ఉర్దూకు ఈ బాధ లేదు, 'హమ్' అనేస్తే సరి, ఎవరు లోపలో ఎవరు బయటో చెప్పక్కర్లేదు. కానీ మా ఇళ్ళలో మాట్లాడేది పుస్తకాల ఉర్దూ కాదు, దక్కనీ. లక్నో వాళ్ళు విని నవ్వుకునే భాష. అందులో 'హమ్' కాక 'అపన్' కూడా ఉంది. అపన్ అంటే నువ్వూ నేనూ కలిసి. మరాఠీ 'ఆపణ్'కు చుట్టం, తెలుగు 'మనం'కు జోడు. ఇరుగుపొరుగుతో బతికిన భాషకే అట్లాంటి మాట అవసరమవుతుంది. లాడ్జి గుమాస్తా మాకు తెలుగులోనే జవాబిచ్చాడు. ఈమె కూడా తెలుగులోనే పిలిచింది. ఆ చెట్టు నీడను ఫోటో తీసి మతసామరస్యం వర్ధిల్లుతోందని వేసుకునే పత్రికలున్నాయి, మాదీ వేస్తుంది. ఆ ఫోటో అబద్ధం కాదు. బల్ల మీద మిగిలిపోయిన తాళం చెవి కూడా అబద్ధం కాదు. రెంటికీ మధ్య ఒక ఆటో దూరం. పిల్లలకు ఏది ముందు చూపించాలో తెలియక రెండూ చూడనిచ్చాం.

తిరుగు రైల్లో అమ్మీ సీటు కింద ఎండురొయ్యల సంచీ పెట్టింది. రేవులో బేరమాడి కొన్నది. నాయుడుపేట వచ్చేసరికి వాసన పెట్టెంతా నిండింది. ఒకాయన ముక్కు మూసుకుని కిటికీ పక్కకు జరిగాడు. చిన్నోడు సిగ్గుపడి సంచీ మీద టవల్ కప్పాడు. అవతలి సీట్లో ఉన్నామె మాత్రం వంగి, కిలో ఎంత అని అడిగింది. అమ్మీ ధర చెప్పింది, ఎవరి దగ్గర కొంటే మోసం ఉండదో చెప్పింది, ముందు తలలు తుంచి, ఉత్త పెనం మీద వేయించుకుని, పుల్లటి మామిడికాయ ముక్కలతో ఎట్లా వండాలో గూడూరు దాకా చెప్పింది.