పసితనం నిలిచే చోటు

సూరత్ నగరానికి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరాన, అరేబియా సముద్రపుటొడ్డున, డూమస్ ఉన్నది. అక్కడి ఇసుక నల్లనిది. ఆదివారం సాయంకాలం సగం నగరం అక్కడికే తరలివచ్చినట్లుంటుంది. ఒకవైపు టమాటా బజ్జీలు వేగుతుంటాయి, మరొకవైపు పిల్లలు గుర్రపు స్వారీకి మారాం చేస్తుంటారు. ఆ సందడిలో, గుజరాతీ మాటల నడుమ, "గిటు సూడు బిడ్డా, జెర నవ్వు" అన్న పిలుపు వినవస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

మరమగ్గాల పని వెదుక్కుంటూ వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాలనుండి ఎన్నో పద్మశాలి కుటుంబాలు సూరత్ చేరాయి. లింబాయత్ పరిసరాలలో వారి నివాసాలు అధికం. వారి పిల్లలు వీధిలో గుజరాతీ, హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరుగుతారు. తాత, నాయనమ్మ మాత్రం స్వగ్రామంలోనే ఉండిపోయిన ఇళ్లు అనేకం. మనుమరాలు మొదటి అడుగులు వేసిన ముచ్చట ఆ వృద్ధులకు చేరేది చాలావరకు ఫొటోల ద్వారానే.

ఆ ఫొటో అవసరం వృద్ధులకన్న బిడ్డకే ఎక్కువ. మూడేళ్ల వయసుకు ముందు జరిగిన సంగతులు పెద్దయిన తరువాత దాదాపు ఎవరికీ జ్ఞాపకం ఉండవని మనోవైజ్ఞానికులు చెబుతారు. తండ్రి భుజాలపై కూర్చుండి మొదటిసారి చూసిన సముద్రం ఆ బిడ్డకు మిగిలేది పెద్దల మాటలలో, ఒకటి రెండు ఫొటోలలో మాత్రమే. అందుచేత పసిబిడ్డ ఫొటో తల్లిదండ్రుల సొత్తు కాదు; బిడ్డ తరఫున వారు దాచిపెట్టే సొత్తు.

దాచేది నిండుగా ఉండాలంటే ముఖం ఒక్కటే చాలదు. తపతీ నది ఒడ్డున పదహారవ శతాబ్దంలో కట్టిన సూరత్ కోట ఉన్నది. కోట మొత్తం కనబడాలని బిడ్డను దాని గోడకు ఆనించి, తాము దూరంగా వెళ్లి ఫొటో తీసేవారు ఎందరో. ఫొటోలో కోట ఉంటుంది, బిడ్డ ఆవగింజంత. కోటను దూరాన ఉంచి, బిడ్డను కెమెరాకు చేరువగా నిలబెడితే ఇద్దరికీ చోటు దక్కుతుంది. నేలమీద కూర్చుని, బిడ్డ కళ్ల ఎత్తుకు కెమెరాను దించడం మరొక మేలు. నిలుచుండి తీస్తే కనబడేది నడినెత్తి. కూర్చుండి తీస్తే ఆ పసికళ్లు చూస్తున్న లోకం.

డూమస్‌లో మరొక చిక్కు ఉన్నది. నల్లని ఇసుక చిత్రమంతా పరచుకుంటే కెమెరా దృశ్యం చీకటిగా ఉన్నదని భ్రమించి వెలుగు పెంచుతుంది. బిడ్డ ముఖం తెల్లగా పాలిపోతుంది. ఫోన్ తెరపై ముఖం ఉన్నచోట వేలితో తాకితే వెలుగు సరిపడుతుంది. అస్తమిస్తున్న సూర్యుడు బిడ్డ వీపువెనుక ఉంటే ముఖం నల్లబడుతుంది. ఆ వెలుగు పక్కనుండి పడేటట్లు చూడాలి. అన్నిటికన్న ముఖ్యం, ఆ తీరంలో ఆటుపోట్లు బలమైనవి. ఫొటో తీసేవారు కాక, బిడ్డ చేయి అందేంత దూరంలో మరొకరు ఉండాలి. సంక్రాంతినాడు గాలిపటాల కోసం మేడ ఎక్కినప్పుడూ ఇదే నియమం. కంటికి కెమెరా ఆనించి వెనుకకు అడుగువేసేవారికి పిట్టగోడ కనబడదు, మెడకు తగిలే మాంజా కనబడదు.

ఒకప్పుడు వడోదరలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో ఒక ఫిల్ము చుట్టకు పన్నెండు ఫొటోలే వచ్చేవి. ప్రతి ఫొటోకు ముందు కాస్త ఆలోచన ఉండేది. నేడు ఒక్క సాయంకాలానికే వంద ఫొటోలు పోగవుతున్నాయి. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనోవైజ్ఞానికురాలు మ్యూజియం సందర్శకులపై జరిపి, 2014లో ప్రకటించిన పరిశోధనలో ఒక వింత తేలింది. వస్తువులను ఊరకే చూసినప్పటికన్న ఫొటో తీసుకున్నప్పుడు వాటిని గురించి తక్కువ గుర్తున్నది. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు విశ్రమిస్తుంది కాబోలు. పసిబిడ్డ విషయంలో ఈ నష్టం రెండింతలు. బిడ్డకు ఎలాగూ జ్ఞాపకం ఉండదు. చూడవలసిన పెద్దలూ చూడకపోతే ఆ సాయంకాలాన్ని చెప్పగలవారే ఉండరు. నాలుగైదు ఫొటోలు తీసి ఫోన్ జేబులో పెట్టడం అందుకే మంచిది.

తీసినదానిని కాపాడుకోవడం తరువాతి పని. 2006 ఆగస్టులో తపతి పొంగి సూరత్‌లో అధికభాగం నీట మునిగింది. అటువంటి వరదలో తడిసిన ఆల్బములలో ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆరనిచ్చి విడదీయబోతే బొమ్మ ఊడివస్తుంది. తడిగా ఉండగానే మంచినీటిలో ముంచి, మెల్లగా విడదీసి, బొమ్మవైపు పైకి ఉంచి నీడలో ఆరబెట్టాలి. నేటి ఫొటోలకు వరద అక్కరలేదు. ఫోన్ పోతే చాలు. ఏడాదికి పాతిక మంచి ఫొటోలు ఎంచి, కాగితంపై అచ్చువేయించి, వెనుక తేదీ, చోటు, పక్కనున్నవారి పేర్లు వ్రాసి, ఒక ప్రతి సూరత్‌లో, ఒక ప్రతి స్వగ్రామంలో ఉంచడం పెద్ద ఖర్చు కాదు. స్నానపు ఫొటోలు, బడి పేరు తెలిసే ఫొటోలు మాత్రం పదిమందికీ పంపకుండా ఇంట్లోనే ఉంచాలి. రేపు ఆ బిడ్డ పెద్దదవుతుంది. తన బొమ్మ ఎవరు చూడవచ్చునో చెప్పే హక్కు ఆమెదే.

డూమస్‌లో చీకటి పడుతుంది. నీటి అంచున చిన్న పాదాల గుర్తులను అల చెరిపివేస్తుంది. ఎన్నో ఏళ్ల తరువాత ఒక అమ్మాయి పాత ఫొటో చేతబట్టి, "అప్పుడు నేనేం చేస్తున్ననే అమ్మా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఫొటో సగమే జవాబు చెబుతుంది. మిగిలిన సగం, ఆ సాయంకాలం కళ్లారా చూసిన తల్లి చెప్పాలి.