పసలపూడికి వెళ్ళిన కేకు

పక్కనే తాపేశ్వరం కాజా ఉండగా రాయవరంలో నా కేకులెవరు కొంటారులే అనుకున్నానండీ. కొన్నారు. కానీ అందరిదీ ఒకటే మాట, "ఇంటికి తెచ్చిస్తారా?"

మొదటి కేకు మావారే స్కూటీ మీద పసలపూడి పట్టుకెళ్ళారు. అదేనండీ, వంశీగారి కథల ఊరు. గతుకులకి కేకు జారి, పాప పేరు అట్టపెట్టెకి అంటుకుపోయింది. ఆ తల్లి పల్లెత్తు మాట అనకుండా డబ్బులిచ్చేసింది. నాకదే బాధేసింది. తిరిగి పంపేశాను.

ఇప్పుడు ఆర్డరు ముందురోజే తీసుకుంటాను. కేకు రాత్రంతా ఫ్రిజ్‌లో గట్టిపడాలి, పెట్టెలో కదలకుండా బిగియాలి, ఎండెక్కకముందే బయలుదేరాలి. ఛార్జీ అడగడానికి మొహమాటపడుతుంటే మా అత్తయ్యగారే, "పెట్రోలు ఊరికే పోస్తున్నారా అమ్మాయ్?" అన్నారు.

మొన్న ఆ తల్లే మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి పాప పేరు చెక్కుచెదరలేదు.