గట్టు మీది లెక్క

మా ఆపా ముందుగా కబురు పంపకుండా నా ఇంటికి రావడం అరుదు. ఒక డిసెంబరు సాయంత్రం అసర్ నమాజు ముగించుకొని నేను ఇల్లు చేరేసరికి ఆమె అరుగు మీద కూర్చొని ఉంది. సలాముకు జవాబిచ్చి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా విషయంలోకి వచ్చింది.

“భాయ్, నీ మేనల్లుడు పడవ పందెంలో దిగుతాడట. రెండు వందల కిలోమీటర్లట. రాత్రంతా నీళ్ళ మీదేనట. వాడు నీ మాట కాదనడు. వద్దని చెప్పు.”

మా మేనల్లుడు ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. వద్దని చెప్పడానికి నాకు ఎవరి సిఫారసూ అవసరం లేదు. నీటి పేరు వింటేనే వద్దనడం నాకు 27 ఏళ్ళుగా అలవాటు. ఆ రాత్రే ఫోను చేసి వద్దన్నాను. అతడు ఎదురు చెప్పలేదు. “మామూజాన్, మీరు వద్దంటే మానుకుంటాను. అయితే మేము ఎలా సిద్ధమవుతున్నామో ఒకసారి విని, ఆ తరువాత వద్దనండి” అన్నాడు. వినకుండా తీర్పు చెప్పరాదని విద్యార్థులకు బోధించేవాడిని కనుక వినక తప్పలేదు.

ఆ పందెం డివైజెస్ అనే చిన్న పట్టణంలో మొదలై లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ వంతెన వద్ద ముగుస్తుంది. మొత్తం 125 మైళ్ళు. తొలి భాగం కెన్నెట్ అండ్ ఏవన్ కాలువలో సాగుతుంది, రెడింగ్ వద్ద థేమ్స్ నదిలో కలుస్తుంది. 1948లో డివైజెస్ స్కౌట్ యువకులు ఈ దూరాన్ని 100 గంటల లోపు దాటగలరా అన్న సవాలుతో ఇది ఆరంభమైంది. వారు 90 గంటలు నిండకముందే చేరుకున్నారు. నేడు ప్రతి ఏటా ఈస్టరు సెలవులలో జరుగుతుంది. బాలబాలికలు రాత్రులు విశ్రమిస్తూ నాలుగు దినాలలో పూర్తి చేస్తారు. పెద్దల జోడీ పడవలు మాత్రం ఎక్కడా ఆగకుండా పగలూ రాత్రీ సాగాలి. అత్యంత వేగవంతులకే 15 గంటలకు పైగా పడుతుంది.

లాకు అంటే ఏమిటో మన డెల్టా వాసులకు చెప్పనక్కరలేదు. ఆ దారిలో లాకులు వచ్చిన చోటల్లా పడవను నీటిలోనుండి తీసి, భుజాన మోసుకొని, గట్టు వెంట పరుగెత్తి, అవతల మళ్ళీ నీటిలో దింపాలి. అలా 77 సార్లు. నదిలో లాకు పక్కనే ఆనకట్ట ఉంటుంది. చీకటిలో దారి తప్పి అటు వెళితే ప్రవాహం పడవను లాగివేస్తుంది. టెడింగ్టన్ దాటిన తరువాత సముద్రపు పోటుపాట్లు నదిలోకి వస్తాయి. పాటు మొదలయ్యే వేళకు అక్కడికి చేరితే నీరే తోడుగా మోస్తుంది. ముందుగా చేరితే పోటుకు ఎదురీదాలి, ఆలస్యమైతే దారి మూసివేస్తారు. కనుక ఎప్పుడు బయలుదేరాలన్నది చివరి 17 మైళ్ళను లెక్కలో ఉంచుకొని నిర్ణయించుకోవాలి.

ఇదంతా విన్నాక నా భయం తగ్గలేదు సరికదా, రెట్టింపయింది. ఎందుకో ఇక్కడ చెప్పాలి. ఇన్నేళ్ళూ చెప్పలేదు.

27 ఏళ్ళ క్రితం నేను కొత్తగా పాఠాలు చెబుతున్న రోజులవి. మా మదరసాకు ఫర్లాంగు దూరంలో కృష్ణా కాలువ. గురువారం మధ్యాహ్నం తరగతులు ముగిశాక పిల్లలు కాలువలో స్నానానికి వెళ్తామని అడిగారు. “బిస్మిల్లాహ్ చెప్పి దిగండి” అని పంపించి, నేను పుస్తకం తెరిచి కూర్చున్నాను. పదకొండు మంది వెళ్ళారు. తిరిగి వచ్చింది పది మంది. ఆ సంగతి నాకు మగ్రిబ్ నమాజుకు వరుసలు సరిచేస్తున్నప్పుడు తెలిసింది. పన్నెండేళ్ళ పిల్లవాడు. మరునాడు ఖననం తరువాత అతని తల్లి ఎదుట నిలబడి నేను తఖ్‌దీర్ గురించి మాట్లాడాను. ఆమె అంతా విని, ఒక్క మాట అడిగింది: “మౌల్వీసాబ్, పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టుకోవాల్సింది కాదా?”

నేను జవాబు చెప్పలేదు. తఖ్‌దీర్ సత్యం, అందులో సందేహం లేదు. కాని ఆనాడు నేను ఆ సత్యాన్ని నా నిర్లక్ష్యం మీద ముసుగుగా కప్పాను. ఆ తరువాత మా మదరసాలో నీటి దగ్గరికి వెళ్ళడమే నిషేధించాను. అందరూ దానిని జాగ్రత్త అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఈ 27 ఏళ్ళలో నా చేతుల మీదుగా వెళ్ళిన వందలాది పిల్లలలో ఒక్కరికీ ఈత రాకపోవడం జాగ్రత్త ఎలా అవుతుందని మాత్రం ఆలోచించలేదు.

మేనల్లుడు ప్రతి ఆదివారం ఫోను చేసి ఆ వారం ఏమి నేర్చుకున్నారో చెప్పేవాడు. పెద్దవాళ్ళ పడవలో ఒకరు ముందు, ఒకరు వెనుక. అతని జోడీ ఒక సహోద్యోగి. మొదట వారు నేర్చుకున్నది తెడ్డు వేయడం కాదు, బోల్తా పడడం! శిక్షకుని సమక్షంలో, లైఫ్ జాకెట్లు ధరించి, కావాలనే పడవను తిరగవేసుకున్నారు. చలికాలపు నీటిలో పడగానే గుండె ఝల్లుమని, శ్వాస అదుపు తప్పి, నోరు దానంతట అదే తెరుచుకుంటుందట. ఆ మొదటి నిమిషంలో ఈదబోయేవాడు నీళ్ళు మింగుతాడు. కనుక ఈదరాదు, తేలాలి. పడవను వదలకుండా శ్వాస కుదుటపడే వరకు ఆగాలి. ఈత వచ్చినవారు కూడా ఇది తెలియక మునిగిపోతారని విన్నప్పుడు నేను ఫోను పక్కన పెట్టి కొంతసేపు మౌనంగా ఉండిపోయాను.

ఆ తరువాత చేతులు. గంటల తరబడి తెడ్డు పట్టుకుంటే బొబ్బలెక్కి చర్మం చిట్లుతుంది. కాలువ నీటిలో ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ అనే వ్యాధి గాయాల గుండా ఒంట్లోకి ప్రవేశిస్తుంది. మన వరి పొలాలలో పనిచేసేవారికీ ఇదే ముప్పు ఉంది. గాయాలను నీరు చొరని పట్టీతో కప్పాలి, చేతులు కడుక్కోకుండా ఏదీ తినరాదు, ఆ తరువాతి వారాలలో జ్వరం వస్తే నీటిలో దిగిన సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

రాత్రి వేళ లాకుల వద్ద తడి రాళ్ళ మీద పడవను మోయడం కూడా వారు తల దీపాలు కట్టుకొని అభ్యసించారు. ఏ వంతెన వద్ద కారు ఆపవచ్చు, ఏ గేటుకు తాళం ఉంటుంది, ఎక్కడ పొడి బట్టలు అందించాలి అన్నదంతా మా కోడలు ఒక పుస్తకంలో రాసుకుంది. ఒడ్డు వెంట కారులో వస్తూ ఆహారం, వేడి పానీయాలు, బట్టలు అందించే బాధ్యత ఆమెది.

మధ్యలో రమజాన్ మాసం వచ్చింది. “అభ్యాసం కోసం ఉపవాసం విడువవచ్చా?” అని అడిగాడు. పందెం విధి కాదు, ఉపవాసం విధి. విడువరాదన్నాను. అతడు వాదించలేదు. ఆ నెల దూరం తగ్గించి, ఇఫ్తార్ తరువాత కొద్దిసేపు మాత్రమే అభ్యసించాడు. నడి నీటిలో నమాజు సంగతి అడిగినప్పుడు నాకు నవ్వు వచ్చింది. 77 సార్లు గట్టెక్కేవాడికి సజ్దా చేయడానికి గట్టు కరువా?

ఆ రోజులలోనే తరగతిలో ఇస్లామీయ చరిత్ర పాఠం వచ్చింది. సిరియా పాలకులైన హజ్రత్ ముఆవియా (రజి) సముద్ర యాత్రకు అనుమతి కోరగా ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) నిరాకరించారు. ముస్లిముల ప్రాణాలను ఆ అపాయంలో పెట్టడానికి వారి మనసు అంగీకరించలేదు. ఇంతవరకు నేను ఏటా ఎంతో ఇష్టంగా చెప్పేవాడిని. తరువాతి పుట మాత్రం వడివడిగా దాటించేవాడిని. హజ్రత్ ఉస్మాన్ (రజి) అదే అనుమతిని ఇచ్చారు, అయితే ఎవరినీ బలవంతంగా తీసుకువెళ్ళరాదని, ఇష్టపడి ముందుకు వచ్చినవారే వెళ్ళాలని షరతు పెట్టారు. హిజ్రీ 28లో ఆ నౌకలు సైప్రస్ చేరాయి. వాటిలో వెళ్ళిన హజ్రత్ ఉమ్మె హరామ్ (రజి)కు సముద్రం ఏ హానీ చేయలేదు. నేల మీద వాహన జంతువు పైనుండి పడి ఆమె మరణించారు. మృత్యువు నీటిలోనే కాచుకొని ఉంటుందని నేను ఎలా అనుకున్నాను?

దైవప్రవక్త (స) స్వయంగా గుర్రపు పందేలు జరిపించారు. తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్‌యా నుండి సనియ్యతుల్ వదా వరకు అయిదారు మైళ్ళు, తర్ఫీదు లేనివాటికి అక్కడి నుండి బనూ జురైఖ్ మస్జిదు వరకు సుమారు ఒక మైలు. ఈ హదీసును నేను ఎన్నిసార్లు బోధించానో లెక్క లేదు. సంసిద్ధతను బట్టి దూరం నిర్ణయించాలన్న వివేకం అందులో ఉందని మేనల్లుడి ఫోన్ల తరువాతే నా బుర్రకు తట్టింది. ఒంటెను కట్టివేసి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ సంగతి సరేసరి. ఆ గురువారం నేను ఒంటెను కట్టలేదు. తరువాత 27 ఏళ్ళు అసలు ఒంటెనే ఎక్కనివ్వలేదు. రెండూ తవక్కుల్ కావు.

మా ఆపాను పిలిచి, “నేను వద్దనను. ఒక షరతు పెడతాను” అన్నాను. ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్నది మనకు ప్రవక్త (స) నేర్పిన మర్యాద. ఈ ప్రయాణానికి అమీరు పడవలో ఉండేవాడు కారాదు, గట్టు మీద ఉండే కోడలు కావాలి. ఆమె ఆగమన్న చోట ఆగాలి, వాదించరాదు. మేనల్లుడు, అతని జోడీ ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ మాట నేను కోడలి నోట కూడా చెప్పించుకున్నాను. అప్పుడు దుఆ చేశాను.

పందెం రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి ఫజ్ర్ నమాజు తరువాత జానమాజు మీదే కూర్చొని ఉండగా ఫోను మోగింది. అక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంట. కోడలి గొంతు.

మార్లో అనే ఊరి వద్ద వారిని ఆపివేసింది. ప్రతి మజిలీలో ఇద్దరినీ ఒకే రీతిగా పరీక్షిస్తోందట: తదుపరి లాకు పేరు చెప్పాలి, జాకెట్టు గొలుసు తమంతట తాము వేసుకోవాలి. అంతకుముందు మజిలీలో మేనల్లుడు గజగజ వణుకుతున్నాడు. మార్లోలో వణుకు ఆగిపోయింది. చూసేవారు కోలుకున్నాడనుకుంటారు. కాని ఒళ్ళు చల్లబడి వణకడానికి కూడా శక్తి లేనప్పుడు అలా జరుగుతుందని ఆమె నేర్చుకొని ఉంది. లాకు పేరు చెప్పబోయి నాలుక తడబడింది, వేళ్ళు గొలుసును పట్టుకోలేకపోయాయి. “నాకేమీ కాలేదు” అని మూడుసార్లు అన్నాడట, మూడోసారి కోపంగా. ఆ అకారణ కోపం కూడా ఒక లక్షణమే. జోడీగా ఉన్న మిత్రుడు మాట తప్పకుండా వెంటనే తెడ్డు కింద పెట్టాడు. పందెం నిర్వాహకులకు తెలిపి, వైద్య సహాయకులను పిలిచి, తడి బట్టలు తీయించి, ఒళ్ళు రుద్దకుండా పొడి దుప్పట్లలో చుట్టి పడుకోబెట్టారు.

గంట తరువాత మేనల్లుడే మాట్లాడాడు. స్వరం నీరసంగా ఉన్నా స్పష్టంగా ఉంది.

“మామూజాన్, సగం దాటాక ఓడిపోయాం. మీ దుఆ వృథా అయింది.”

“బేటా, ఇద్దరూ గట్టు మీదే ఉన్నారా?” అని అడిగాను.

“ఉన్నాం.”

“అల్‌హమ్దులిల్లాహ్” అన్నాను. అంతకు మించి నా నోట మాట రాలేదు.

ఆ వారమే నేను బస్సెక్కి ఆ తల్లి ఊరు వెళ్ళాను. ఆమె వృద్ధురాలైంది, చూపు మందగించింది. నా గొంతు విని గుర్తుపట్టింది. “అమ్మా, ఆనాడు మీరు అడిగినదానికి జవాబు చెప్పలేదు. లెక్కపెట్టుకోవాల్సింది. నేను పెట్టలేదు. తప్పు నాది” అన్నాను. ఆమె చాలాసేపు తస్బీహు పూసలు తిప్పుతూ ఉండిపోయింది. తరువాత, “ఇప్పుడు పెడుతున్నారా మౌల్వీసాబ్?” అని అడిగింది. క్షమించానని ఆమె అనలేదు. నేనూ ఆ మాట కోరలేదు.

ఈ వేసవి నుండి మా మదరసా పిల్లలు ఇద్దరు శిక్షకుల పర్యవేక్షణలో ఈత నేర్చుకుంటున్నారు. పిల్లలకు ఈత నేర్పమన్న మాట హజ్రత్ ఉమర్ (రజి) పేరిట చిరకాలంగా ప్రసిద్ధం. ఆ మాట తెలిసి కూడా నేను ఆలస్యం చేశాను. నాకు ఈత రాదు, ఈ వయసులో వస్తుందో లేదో తెలియదు. నా పని గట్టు మీద కూర్చోవడం. చేతిలో హాజరు పుస్తకం ఉంటుంది. దిగినప్పుడు ఒకసారి, నడుమ ఒకసారి, పైకి వచ్చాక ఒకసారి పేరు పేరునా పిలుస్తాను.

ప్రియ సహోదరీ సహోదరులారా! సంతానం మన వద్ద అల్లాహ్ ఉంచిన అమానతు. వారు నీటికి వెళ్ళినా, రహదారికి వెళ్ళినా, దూరదేశానికి వెళ్ళినా దుఆ చేసి పంపండి. దుఆకు ముందు సిద్ధం చేయండి, దుఆ తరువాత లెక్కపెట్టండి. మేనల్లుడు వచ్చే ఏడు మళ్ళీ పోటీకి దిగుతాడట. మా ఆపా మళ్ళీ వచ్చింది. ఈసారి వద్దని చెప్పమని అడగలేదు. అమీరు మారలేదు కదా అని మాత్రం అడిగింది.